ఎరుపా, గోధుమ రంగా: జంబలాయ తగవు వెనుక ఉన్నదేమిటి

సంక్షిప్తంగా: అమెరికాలోని లూయిజియానా రాష్ట్రానికి పేరు తెచ్చిన అన్నం వంటకం జంబలాయ. అందులో టమాటా ఉండాలా, వద్దా అన్న వాదం దశాబ్దాలుగా తెగడం లేదు. పందొమ్మిదో శతాబ్దపు వంట పుస్తకాల్లో రెండు పక్షాలకూ సాక్ష్యం దొరుకుతుంది. రంగులోని తేడా వంట క్రమం నుంచి వచ్చింది. వాదానికి ఇంత పట్టుదల మాత్రం 1960ల తర్వాత బలపడిన ప్రాంతీయ గుర్తింపుల నుంచి వచ్చింది. ఇరుపక్షాలూ కాదనలేని గీటురాయి ఒకటుంది: బియ్యం విడిగా కాకుండా, మాంసం వేగిన గిన్నెలోనే, ఆ రసాన్నే పీల్చుకుంటూ ఉడకాలి.

న్యూ ఓర్లియన్స్ నగరంలోని పాత ఫ్రెంచ్ క్వార్టర్‌లో జంబలాయ అడిగితే చాలా చోట్ల ఎర్రటి అన్నం వస్తుంది. టమాటా, రొయ్యలు, కోడిమాంసం, పొగబెట్టిన పంది సాసేజి అందులో కలిసి ఉంటాయి. అక్కడి నుంచి మిసిసిపీ నది వెంబడి ఎగువకు సుమారు గంట ప్రయాణిస్తే గొంజాలెస్ అనే చిన్న పట్టణం వస్తుంది. అక్కడ అదే పేరుతో వడ్డించే అన్నం గోధుమ రంగులో ఉంటుంది, టమాటా జాడే ఉండదు. ఎరుపు వంటకం పర్యాటకుల కోసం పుట్టిందని గొంజాలెస్ వంటవారిలో చాలామంది అంటారు. తమది ఓడరేవు నగరపు పాత సంప్రదాయమనీ, గోధుమ రంగుది పల్లెల్లో మిగిలిన ఒక శాఖ మాత్రమేననీ నగరవాసులు బదులిస్తారు. ఈ రెండు ఊళ్ల మధ్య దూరం వంద కిలోమీటర్లకు మించదు. ఇంత దగ్గరలో ఒకే పేరుకు ఇంత భిన్నమైన రెండు అర్థాలు ఎలా నిలిచాయన్నదే ఇక్కడి ప్రశ్న.

ఏది జంబలాయ, ఏది కాదు

లూయిజియానా వంటల్లో అన్నంతో ముడిపడినవి చాలా ఉన్నాయి. గంబో ఒక చిక్కటి పులుసు. కొవ్వులో పిండిని వేయించి చేసే రూ దానికి చిక్కదనాన్నీ రంగునూ ఇస్తుంది, దాన్ని విడిగా వండిన అన్నం మీద పోసుకుంటారు. ఎటూఫే కూడా అన్నం మీద వేసుకునే కూరే. జంబలాయ వీటి నుంచి వేరుపడేది ఒక్క విషయంలో. ఇందులో కూరా అన్నమూ రెండుగా ఉండవు. మాంసం వేగిన గిన్నెలోనే ఉల్లిపాయ, సెలెరీ, క్యాప్సికమ్ వేస్తారు. ఈ మూడింటినీ అక్కడ పవిత్ర త్రయం అని పిలుచుకుంటారు. అవి మగ్గాక నీళ్లో మాంసపు రసమో పోసి, ఎసరు తెర్లగానే బియ్యం వేస్తారు. గంజి వార్చడం ఉండదు. తెలుగిళ్లలో అత్తెసరు పెట్టడం అంటారే, అదే పద్ధతి. ఎసరంతా ఇంకి, మూత కింద అన్నం ఉమ్మగిల్లి, మెతుకుకు మెతుకు విడిగా ఉండాలి.

ఈ తేడాను గమనించకుండా రంగు గురించి వాదిస్తే వాదం మొదట్లోనే దారి తప్పుతుంది. అన్నం విడిగా వండి, మాంసం టమాటా గుజ్జు మరోచోట చేసి, చివర్లో రెండూ కలిపి జంబలాయ పేరుతో వడ్డించే భోజనశాలలు లూయిజియానా బయట చాలా ఉన్నాయి. తొందరలో అది సులువు, అన్నం ముద్దయ్యే భయం లేదు. కానీ అలా కలిపినప్పుడు రసం మెతుకు పైన పూతలా నిలుస్తుంది, లోపలికి వెళ్లదు. బియ్యపు గింజలోని పిండిపదార్థం ఉబ్బేటప్పుడు ఏ ద్రవం చుట్టూ ఉంటే దాన్నే పీల్చుకుంటుంది. ఒకసారి మంచినీటితో నిండిపోయాక దానికి మరో రుచిని తీసుకునే చోటు పెద్దగా మిగలదు. పులావుకూ, కూర కలిపిన అన్నానికీ తేడా తెలిసిన పాఠకులకు ఇది కొత్త సంగతి కాదు.

రంగు ఎక్కడి నుంచి వస్తుంది

గోధుమ రంగు జంబలాయలో రంగు కోసం ప్రత్యేకంగా వేసే ముఖ్య పదార్థమేదీ లేదు. మందపాటి పోత ఇనుప గిన్నెను బాగా కాల్చి, కొవ్వులో పంది మాంసాన్నో కోడినో ఓపికగా వేయిస్తారు. మాంసపు నీరంతా ఆవిరయ్యాక గిన్నె అడుగున వేడి 140 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. అప్పుడు మాంసకృత్తులూ చక్కెరలూ కలిసి గోధుమ రంగు పదార్థాలుగా మారడం వేగం పుంజుకుంటుంది. అడుగున పొరలా పట్టిన ఆ మాడు అసలు మాడు కాదు, దానికి ఒక్క అడుగు ముందున్న స్థితి. కొంచెం నీళ్లు చల్లి దాన్ని గరిటెతో గీకుతారు, మళ్లీ పట్టనిస్తారు, మళ్లీ గీకుతారు. ఉల్లిపాయ వేశాక అందులోని తేమ ఆ పొరను కరిగించుకుని తానూ ముదురు రంగుకు తిరుగుతుంది. ఎసరు పోసే సమయానికి ఆ నీరే కాఫీ రంగులో ఉంటుంది. అన్నం రంగు ఆ నీటి నుంచి వస్తుంది. ఈ దశ సరిగ్గా కుదరని వంటవారు సీసాలో దొరికే రంగు రసాన్నో, కాస్త చక్కెర పాకాన్నో ఆశ్రయించడం ఉంది. గోధుమ పక్షంలోనే దీనిని చిన్నచూపు చూసేవారు ఎక్కువ.

టమాటా వేస్తే ఈ లెక్కంతా మారుతుంది. టమాటాలో అధిక భాగం నీరే. అది గిన్నెలో ఉన్నంతసేపూ అడుగున వేడి నీటి మరుగు స్థానానికి, అంటే 100 డిగ్రీలకు, అటూ ఇటూగా ఆగిపోతుంది. మాంసం వేగడానికి బదులు ఆవిరిలో ఉడుకుతుంది. కనుక టమాటాను ముందుగా వేసే వంటలో గోధుమ రంగు పుట్టే అవకాశం తక్కువ. రుచి భారం పులుపు మీదా, పొగ వాసన గల ఆండూయీ సాసేజి మీదా, రొయ్యల మీదా పడుతుంది. మాంసాన్ని బాగా వేయించాకనే టమాటా చేర్చి రెండు లాభాలూ పొందే వంటవారూ ఉన్నారు, ఎరుపూ గోధుమా కలిసిన ఇటుక రంగు వారి అన్నానికి వస్తుంది. ఈ మధ్యస్థ రూపాన్ని రెండు పక్షాల వాదనలూ లెక్కలోకి తీసుకోకపోవడం ఒక లోపం. ఇళ్లలో వండేది చాలాసార్లు ఇదే.

పక్షాలు రెండింటికీ వేర్వేరు జాగ్రత్తలు కావాలి. ఎర్రదానిలో టమాటా నీటిని లెక్కించి ఎసరు తగ్గించుకోవాలి, పైగా టమాటాలోని చక్కెరలు అడుగున త్వరగా అంటుకుంటాయి. గోధుమదానిలో కీలకమంతా మొదటి అరగంటలోనే ఉంది. వేయించడం తక్కువైతే అన్నం పాలిపోతుంది, ఎక్కువైతే చేదెక్కుతుంది. అప్పుడు దాన్ని దాచిపెట్టే టమాటా పులుపు కూడా ఉండదు. గోధుమ రంగు వంటవారు తమదే నిజమైన పనితనమని అనడానికి ఉన్న న్యాయమైన ఆధారం ఇదే. అయితే కష్టమైన పద్ధతి అన్నంత మాత్రాన అది పాత పద్ధతి కావాలని లేదు.

పాత పుస్తకాల సాక్ష్యం

ఏది ముందు పుట్టింది అన్న ప్రశ్నకు అచ్చులో మిగిలిన ఆధారాలు తక్కువే, అవీ ఒక పక్షాన నిలబడవు. 1878లో అలబామా రాష్ట్రంలోని మోబీల్ నగరపు చర్చి మహిళలు వెలువరించిన వంటల పుస్తకంలో జంబలాయ పద్ధతి ఒకటుంది. కోడి మెడ, రెక్కల వంటి చిన్న భాగాలు, రెండు డజన్ల ఆయిస్టర్లు, బియ్యంతో పాటు అర టీకప్పు టమాటా కూడా అందులో వేయమన్నారు. ఏడేళ్ల తర్వాత, 1885లో, లాఫ్కాడియో హెర్న్ అనే రచయిత న్యూ ఓర్లియన్స్ క్రియోల్ వంటలను, అంటే ఫ్రెంచి, స్పానిష్, ఆఫ్రికన్ వారసత్వాలు కలిసిన నగర సమాజపు వంటలను, సేకరించి ప్రచురించాడు. ఆ పుస్తకంలోని జంబలాయలో కోడి, పచ్చి బియ్యం, సన్నగా తరిగిన పంది మాంసం, ఉప్పు, మిరియం తప్ప మరేమీ లేవు. టమాటా లేదు. అన్నం రసమంతా పీల్చుకోవాలి కానీ గట్టిపడకూడదన్న హెచ్చరిక మాత్రం ఉంది.

ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే నేటి వాదం తలకిందులవుతుంది. టమాటా లేనిది పల్లెదనీ, ఉన్నది న్యూ ఓర్లియన్స్‌దనీ నేడు అంటారు. కానీ న్యూ ఓర్లియన్స్ నుంచి వచ్చిన పాత పుస్తకంలోనే టమాటా లేదు. ఉన్నది లూయిజియానా సరిహద్దులకే బయట ఉన్న ఓడరేవు నగరంలో. ఇంకాస్త వెనక్కి వెళితే, 1849లో ఒక అమెరికన్ వ్యవసాయ పత్రిక ఈ పేరును హాపింగ్ జానీ అనే మరో అన్నం వంటకానికి మారుపేరుగా వాడింది. అంటే ఆ కాలానికి ఈ పదం ఒక స్థిరమైన పదార్థాల జాబితాను సూచించలేదు, అన్నంతో మాంసం కలిపి వండే ఒక తరహా వంటను సూచించింది. పులావు అన్న మాటకు మన దగ్గర ఉన్న వెసులుబాటు లాంటిదే అది. రెండు పక్షాల్లో ఏదీ నకిలీ కాదన్న నిర్ధారణకు ఈ ఆధారాలు చాలు.

మూలం ఎవరిది

పేరు పుట్టుక గురించి ప్రచారంలో ఉన్న కథలు చాలా వరకు నిలబడవు. పంది మాంసానికి ఫ్రెంచి మాట జాంబోన్ అనీ, దానికి అన్నాన్ని సూచించే ఆఫ్రికన్ మాట కలిసిందనీ ఒక వివరణ ఉంది. జాన్ అనే వంటవాడిని ఏదో ఒకటి కలిపి వండమని అడిగారన్న కథ మరొకటి. వీటికి పాత రాతల్లో ఆధారం లేదు. బలమైన ఆధారం ఉన్నది దక్షిణ ఫ్రాన్సులోని ప్రావాన్సాల్ భాషకు. 1837లో ఆ భాషలో అచ్చయిన ఒక కవితలో జంబలాయా అన్న మాట, కలగలుపు అనే అర్థంలో, కనిపిస్తుంది. తర్వాత వచ్చిన ప్రావాన్సాల్ నిఘంటువు దీన్ని కోడిమాంసంతో వండిన అన్నంగా కూడా వివరించింది. ఆ భాష మాట్లాడే తీరం నుంచి లూయిజియానాకు వలసలూ ఓడ ప్రయాణాలూ సాగాయి కనుక, పేరు ఆ దారిన వచ్చి ఉండడం సహజం.

అయితే పేరు వచ్చిన దారిలోనే వంట కూడా వచ్చిందనుకోవడం పొరపాటు. స్పెయిన్ 1760ల నుంచి 1800 ప్రాంతం వరకు లూయిజియానాను పాలించింది. అందుకే ఇది స్పెయిన్ అన్నం వంటకమైన పాయెయాకు కొత్త నేల మీద పుట్టిన రూపమన్న వాదన ఉంది. న్యూ ఓర్లియన్స్ దినపత్రిక పికయూన్ 1900 ప్రాంతంలో ప్రచురించిన వంట పుస్తకం దీన్ని స్పానిష్ క్రియోల్ వంటకంగానే పేర్కొంది. వంట తీరును పరిశీలిస్తే ఈ పోలిక బలహీనపడుతుంది. పాయెయాను వెడల్పాటి లోతులేని పెనంలో, పొట్టి గింజ బియ్యంతో, మూత లేకుండా వండుతారు. జంబలాయకు లోతైన గిన్నె, పొడవు గింజ బియ్యం, మూత కావాలి.

మూడో వాదన పశ్చిమ ఆఫ్రికాది, ఇది చాలాకాలం సరైన గుర్తింపుకు నోచుకోలేదు. 1719లో లూయిజియానాకు బానిసలను తెచ్చిన తొలి ఓడల కెప్టెన్లకు వరి సాగు తెలిసినవారిని ఎంచుకుని తెమ్మని ఆదేశాలుండేవి. తర్వాతి దశాబ్దంలో అక్కడికి చేరినవారిలో పెద్ద భాగం సెనెగాంబియా (నేటి సెనెగల్, గాంబియా) ప్రాంతం వారు. చేపనో మాంసాన్నో వేయించి, ఆ రసంలోనే బియ్యం ఉడికించే చేబు జెన్, జాలోఫ్ వంటకాలు పుట్టిన నేల అది. ఎరుపు జంబలాయకూ జాలోఫ్‌కూ పోలికను చాలామంది రంగులో వెతుకుతారు. టమాటా అమెరికా ఖండాల పంట, ఆఫ్రికాకు తర్వాత చేరింది. కాబట్టి రంగు ఇక్కడ రుజువుగా పనికిరాదు. వండే పద్ధతి పనికివస్తుంది. ఆ ఓడల్లో వచ్చినవారి పేర్లు వంట పుస్తకాల్లోకి ఎక్కలేదు. కానీ న్యూ ఓర్లియన్స్ ఇళ్లలో పొయ్యి దగ్గర నిలబడింది వారే. ఈ వాస్తవాన్ని పక్కనబెట్టి, ఫ్రెంచి స్పానిష్ వంశవృక్షాల మధ్యే తీర్పు చెప్పబూనడం అన్యాయం.

1968 తర్వాత ఏం మారింది

గోధుమ రంగు వంటను నేడు కేజన్ వంట అనీ, ఎర్రదాన్ని క్రియోల్ వంట అనీ అంటారు. కెనడా తూర్పు తీరంలోని అకాడియా నుంచి 1755లో బ్రిటిష్ వారు వెళ్లగొట్టిన ఫ్రెంచి రైతుల వారసులు కేజన్లు. వారు 1760ల మధ్య నుంచి లూయిజియానాకు చేరారు. 1785లో ఏడు ఓడల్లో సుమారు 1,600 మంది ఫ్రాన్సు నుంచి వచ్చారు. ఇరవయ్యో శతాబ్దంలో వారి భాషకు గడ్డు కాలం వచ్చింది. 1921 నాటి రాష్ట్ర రాజ్యాంగం పాఠశాలల్లో ఇంగ్లిషును తప్పనిసరి చేసింది, ఫ్రెంచి మాట్లాడిన పిల్లలు శిక్షలు అనుభవించారు. 1968లో గాలి మారింది. ఫ్రెంచి భాషాభివృద్ధికి రాష్ట్ర ప్రభుత్వం ఒక మండలిని ఏర్పాటు చేసింది. సరిగ్గా అదే ఏడాది గవర్నర్ జాన్ మెకీథెన్ గొంజాలెస్ పట్టణాన్ని ప్రపంచ జంబలాయ రాజధానిగా ప్రకటించాడు. రెండింటికీ నేరుగా సంబంధం ఉండనక్కర్లేదు, కానీ రెండూ ఒకే ఊపులో భాగం. చిన్నబుచ్చుకున్న ఒక సమాజం తన మాటనూ తిండినీ మళ్లీ తలెత్తుకుని చెప్పుకోవడం మొదలుపెట్టిన కాలం అది.

గొంజాలెస్‌లో ఏటా జరిగే ఉత్సవంలో ప్రపంచ విజేతను తేల్చే వంట పోటీ ఉంటుంది. కట్టెల మంట, పోత ఇనుప గిన్నె అక్కడి నియమాలు. కోడిమాంసం, బియ్యం అందరికీ ఒకే రకంగా ఇస్తారు, మిగతా దినుసుల జాబితా కూడా పరిమితమే. టమాటాకు అందులో చోటు లేదు. పోటీకి ఇది సబబైన నియమం: దినుసులు ఒకటైతేనే చేతి నైపుణ్యంలో తేడా తెలుస్తుంది. కానీ కాలక్రమంలో ఆ నియమం పోటీ ఆవరణ దాటి బయటికి నడిచింది. న్యాయనిర్ణేతల సౌలభ్యం కోసం రాసుకున్న జాబితా అసలైన జంబలాయకు నిర్వచనంగా చెలామణి అవుతోంది. నేటి వాదంలోని మొండితనానికి పెద్ద కారణం ఇదేనని చెప్పవచ్చు.

గొంజాలెస్ ఉన్న అసెన్షన్ ప్రాంతం చరిత్ర కూడా పూర్తిగా కేజన్ చరిత్ర కాదు. స్పానిష్ పాలనలో కానరీ దీవుల నుంచి వచ్చిన కుటుంబాలు 1770ల చివర్లో అక్కడి గాల్వెజ్‌టౌన్‌లో స్థిరపడ్డాయి. జర్మన్ వలసదారులు నదికి దిగువన ఉన్నారు, ఆండూయీ సాసేజికి పేరొందిన లప్లాస్ ఆ పక్కనే. ఆఫ్రికన్ సంతతి వారు ప్రతిచోటా ఉన్నారు. ఆ నదీ తీరపు గిన్నెలో ఒక్క జాతి రుచినే చూపగలగడం సాధ్యం కాదు. క్రియోల్, కేజన్ అన్న లేబుళ్లు 1980ల్లో మరింత గట్టిపడ్డాయి. వంట నిపుణుడు పాల్ ప్రూడమ్ 1979లో న్యూ ఓర్లియన్స్‌లో తెరిచిన భోజనశాల దేశమంతటా పేరు పొందాక, లూయిజియానా వంటకాలన్నీ బయటివారికి కేజన్ అయిపోయాయి. అప్పటి నుంచి రెండు పక్షాలకూ తమది వేరని చెప్పుకోవాల్సిన అవసరం పెరిగింది, రంగు అందుకు అందరికీ కంటికి కనిపించే గుర్తుగా అక్కరకొచ్చింది.

పెద్ద గిన్నె లెక్క

ఎరుపు, గోధుమ రంగుల మధ్య అంతగా చర్చకు రాని తేడా ఒకటుంది: ఎంతమందికి వండుతున్నారన్నది. గొంజాలెస్ తరహా జంబలాయ పెరిగింది చర్చి జాతరల్లో, ఎన్నికల సభల్లో, విరాళాల భోజనాల్లో. వందల మందికి ఒకే గిన్నెలో, తెడ్డులాంటి గరిటెతో వండాలి. గాడిపొయ్యి మీద గుండిగలతో పెళ్లి వంట చేసే తెలుగు వంటవారికి ఈ లెక్క బాగా తెలుసు. గిన్నె పెరిగేకొద్దీ, లోపలి పరిమాణంతో పోలిస్తే ఆవిరి పోయే పైభాగం తక్కువవుతుంది. కనుక ఇంటి కొలత ప్రకారం ఎసరు పోస్తే అన్నం మెత్తబడిపోతుంది. అడుగు బియ్యం పై బియ్యం బరువుకు నలుగుతుంది. అందుకే అక్కడి వంటవారు ఎసరు ఇంకుతున్నప్పుడు ఒకటి రెండుసార్లు మాత్రమే అడుగు నుంచి పైకి తిరగవేస్తారు, కలపరు. పదే పదే కలిపితే గింజ విరిగి పిండి బయటికొచ్చి ముద్దవుతుంది.

పెద్ద వంటల్లో చాలామంది ఉప్పుడు బియ్యం వాడటానికీ కారణం ఇదే. వడ్లుగా ఉన్నప్పుడే ఉడికించి ఆరబెట్టడం వల్ల ఆ గింజలోని పిండి ఒకసారి ఉబ్బి తిరిగి గట్టిపడి ఉంటుంది, రెండోసారి వండినప్పుడు తేలిగ్గా చితకదు. రుచి బాగా పట్టేది మామూలు పొడవు గింజకేనని వాదించే పాతకాలపు వంటవారు దీనిని ఒప్పుకోరు. టమాటా గొడవతో పోలిస్తే ఈ వాదం పేరుకెక్కలేదు కానీ, తినేవారి నోటికి తెలిసే తేడా ఇందులోనే ఎక్కువ.

మిగతా దేశాల్లో ఏం చేశారు

అన్నం వంటకాల మీద తగవులు లూయిజియానాకే పరిమితం కాదు. బ్రిటన్‌కు చెందిన వంట నిపుణుడు జేమీ ఆలివర్ 2014లో జాలోఫ్‌కూ, 2016లో చోరిజో అనే సాసేజి వేసిన పాయెయాకూ తనదైన పద్ధతి ప్రకటించినప్పుడు ఆయా దేశాల నుంచి తీవ్ర నిరసన వచ్చింది. 2021లో స్పెయిన్‌లోని వలెన్సియా ప్రాంతీయ ప్రభుత్వం పాయెయాను సాంస్కృతిక సంపదగా ప్రకటించింది, అదే ఏడాది సెనెగల్ చేబు జెన్‌కు యునెస్కో గుర్తింపు లభించింది. హైదరాబాద్ హలీం 2010లోనే భౌగోళిక గుర్తింపు సాధించింది. ఏమేం వేయాలో, ఎలా వండాలో ముందుగా రాసిపెట్టుకుంటేనే భౌగోళిక గుర్తింపు సాధ్యం.

జంబలాయకు ఆ దారి పట్టడం కష్టం. అమెరికాలో వంటకాల పేర్లను ఇలా కాపాడే సంప్రదాయం బలంగా లేదు. ఉన్నా, ముందు పదార్థాల జాబితా ఒకటి ఖాయం చేయాలి. ఆ జాబితా రాయడానికి కూర్చోగానే న్యూ ఓర్లియన్స్, గొంజాలెస్ ఒకరి పేరును మరొకరు కొట్టివేయాల్సి వస్తుంది. పద్ధతిని ఆధారం చేసుకుంటే మాత్రం ఇద్దరికీ చోటుంటుంది. విడిగా వండి కలిపిన అన్నానికి మాత్రమే ఉండదు. న్యూ ఓర్లియన్స్‌లో పుట్టిన జటరాన్స్ సంస్థ పెట్టెల్లో అమ్మే మిశ్రమం కూడా, మసాలా తయారుగా వచ్చినా, బియ్యాన్ని మాంసంతో కలిపి ఒకే గిన్నెలో ఉడికించమనే చెబుతుంది. ఆ కొలబద్దకు అది నిలబడుతుందని ఒప్పుకోవడం కొందరికి ఇబ్బందిగా ఉండవచ్చు.

పేరు విషయంలో గొంజాలెస్ ప్రాంతపు వాడుకే ఒక ముఖ్యమైన ఆధారాన్ని ఇస్తోంది. కొంతకాలంగా అక్కడి వేడుకల్లో అదే ఇనుప గిన్నెలో, అదే విధంగా మాంసం వేయించి, అదే గోధుమ రంగు ఎసరులో బియ్యానికి బదులు స్పగెట్టీ వేసి వండుతున్నారు. దినుసులన్నీ, పొయ్యి, వంటవారు అన్నీ పాతవే. అయినా దాన్ని జంబలాయ అని ఎవరూ పిలవరు. దానికి పాస్తలాయ అని వేరే పేరు పెట్టుకున్నారు.